ఆన్‌లైన్ చర్చలో మా విద్యార్థులందరూ “ఏకీభవిస్తున్నాను” అనే ఎందుకు రాస్తున్నారు?

గోదావరిగట్టు_లెక్చరర్

నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. ఈ సెమిస్టరు నుంచి మాకు ఒక ఆన్‌లైన్ బోధనా వేదికను తప్పనిసరి చేశారు. పాఠాలు, పరీక్షలు అందులో సాఫీగానే సాగుతున్నాయి కానీ, చర్చ అనే విభాగం దగ్గరికి వచ్చేసరికి నాకు ఏమీ పాలుపోవడం లేదు. వారానికొక ప్రశ్న ఇవ్వాలి. ప్రతి విద్యార్థీ తన అభిప్రాయాన్ని ఒక పేరాలో రాసి, తోటివారి అభిప్రాయాల్లో కనీసం రెండింటిని విమర్శిస్తూ జవాబు రాయాలి. అంతర్గత మార్కుల్లో ఐదో వంతు దీనికే పోతుంది.

వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉండాలా, వద్దా అని అడిగాను. మొదట రాసిన అబ్బాయి ఉండాలన్నాడు. తరువాత రాసిన వారందరూ ఉండాలనే అన్నారు, అది కూడా దాదాపు అవే వాక్యాలతో. వాటి కింద జవాబులు చూస్తే “మిత్రుడు చక్కగా చెప్పాడు, నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను” అన్న మాట తప్ప మరొకటి కనిపించలేదు. ఇదే ప్రశ్న మీద ఇదే పిల్లలు క్యాంటీన్ దగ్గర గొంతు చించుకుని వాదించుకోవడం నేను చెవులారా విన్నాను. అడుగంటుతున్న బోర్లు, కాలిపోయే మోటార్లు, ఆ రాయితీ కౌలు రైతుకు చేరుతుందా లేక భూమి యజమానికే మిగులుతుందా అన్న సంగతి, అన్నీ అక్కడ వచ్చాయి. వేదిక మీదికి మాత్రం వాటిలో ఒక్కటీ రాలేదు.

ఇది మన పెంపకంలోని వినయమనుకోవాలా, లేక మన అలవాట్లు తెలియని వారు తయారుచేసిన వేదికలోని లోపమనుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సందేహాలరావు

మీ అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా మార్కులు ఎక్కడ కనిపిస్తాయో తెలియజేయగలరు.

ఓరుగల్లు_వాది

ఇందులో అంత ఆలోచించవలసింది ఏముందో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు, నలుగురిలో నోరు జారకు అంటూ పదిహేడేళ్ళు పెంచిన పిల్లవాణ్ణి హఠాత్తుగా విమర్శించమంటే ఎలా విమర్శిస్తాడు? సమాజంలో ఎక్కువ తక్కువలను జనం ఎంత సహజంగా అంగీకరిస్తారో కొలిచిన డచ్ పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ సూచికలో భారతదేశానికి 77, అమెరికాకు 40 వచ్చాయి. అక్కడివారు తయారుచేసిన వేదిక అక్కడి పిల్లలకు సరిపోతుంది. అయితే అది వేదిక తప్పు కాదు. మన పిల్లలే మారాలి, మార్చవలసిన బాధ్యత మీవంటి అధ్యాపకులది.

అంకెలపై_అనుమానం

ఓరుగల్లు_వాది గారు చెప్పిన అంకెలు నిజమే కానీ, అవి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పి ఉంటే బాగుండేది. హోఫ్‌స్టెడ్ ప్రధానంగా ఆధారపడినవి 1967, 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన సమాధానాలు. ఆనాటి ఒక బహుళజాతి సంస్థ ఉద్యోగులు చెప్పిన దానితో ఈనాటి రాజోలు అమ్మాయి మౌనాన్ని వివరించబూనడం నాకు సాహసంగా కనిపిస్తుంది. దేశం మొత్తానికి ఒకే అంకె వేస్తే, గోదావరి జిల్లాల డిగ్రీ విద్యార్థీ, లడఖ్ గొర్రెల కాపరీ ఒకే గాటన పడతారు.

అంతకన్నా ముఖ్యమైన విషయం ప్రశ్నలోనే ఉంది. క్యాంటీన్ దగ్గర వాళ్ళే వాదించుకుంటున్నారు. వినయం పిల్లవాడి రక్తంలో ఉన్న గుణమే అయితే క్యాంటీన్ దగ్గర కూడా ఉండాలి కదా. ఎవరి ముందు, ఎక్కడ, ఏ రూపంలో మాట్లాడుతున్నాడన్నది తేల్చకుండా సంస్కృతి అనే ఒక్క మాటతో ముగించడం సరికాదు.

మానుకోట_టీచరమ్మ

ఎవరి ముందు అన్న మాట దగ్గరే నేను ఆగాలనుకుంటున్నాను. నేను ప్రభుత్వ పాఠశాలలో బోధిస్తాను. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో మూడో తరగతి నుంచి పదో తరగతి వరకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, మా తండాలో టీవీ ఉన్న ఇళ్ళ ముందు పిల్లలు గుంపులుగా కూర్చునేవారు. పాఠం తెలుగులో వచ్చేది. పెద్ద తరగతి పిల్లలు దానిని చిన్నవాళ్ళకు లంబాడీలో చెప్పేవారు. పాఠం నడుస్తుండగానే ఒకరినొకరు సరిదిద్దుకునేవారు, కొట్లాడుకునేవారు కూడా. నేర్చుకోవడంలో వాళ్ళకు సిగ్గు అన్నది నాకు కనిపించలేదు.

అదే పిల్లలతో ఫోనులో వీడియో తరగతి పెట్టినప్పుడు మాత్రం పేరు పెట్టి పిలిచినా పలకలేదు. ఎందుకో తెలుసుకుందామని ఇళ్ళకు వెళ్ళి చూశాను. ఫోను నాన్నది. పక్కన నానమ్మ కూర్చుని ఉంటుంది, గడప దగ్గర పక్కింటివాళ్ళు వింటూ ఉంటారు. బడిలో తప్పు చెబితే పక్క బెంచీవాళ్ళు నవ్వి మరిచిపోతారు. ఇక్కడ తప్పు చెబితే “మేడమ్ అడిగితే చెప్పలేకపోయావు, ఇందుకేనా నిన్ను చదివిస్తున్నది” అని అప్పటికప్పుడు ఇంటిల్లిపాదీ అందుకుంటారు. మ్యూట్‌లో ఉండడం అన్నింటికన్నా క్షేమమని ఆ పిల్లలు త్వరగానే తెలుసుకున్నారు. దానిని నేను వినయమని అనలేను.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. ఇంట్లో ఫోను ఖాళీగా ఉంటే మొదటి హక్కు అన్నదో తమ్ముడిదో అవుతుంది. రాత్రి పూట ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే, వింటున్నది పాఠమే అయినా, ఎవరితో మాట్లాడుతున్నావన్న ప్రశ్న వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. పురుషులు వరుసగా 57.4, 48.8 శాతం. అది కరోనాకు ముందు లెక్క కనుక ఇప్పుడు కొంత మారి ఉండవచ్చు కానీ, ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్న విషయం మా ఊళ్ళో అంతగా మారలేదు.

డాలస్_శనివారం_బడి

ఇక్కడ టెక్సాస్‌లో వారాంతాల్లో పిల్లలకు స్వచ్ఛందంగా తెలుగు నేర్పుతున్నాను. కరోనా సమయంలో మేమూ ఆన్‌లైన్‌కు మారాము, కొన్ని తరగతులు ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి. మాకు సమస్య తలకిందులుగా ఉంది. పిల్లలు మాటకు ముందే చేయి ఎత్తుతారు. “ఈ పద్యం ఎందుకు బట్టీ పట్టాలి, దీని వల్ల నాకేమి ఉపయోగం” అని ముఖం మీదే అడుగుతారు. ఒకసారి గుంటూరు నుంచి ఒక తాతగారు మనవరాలి తరగతిని పక్క కిటికీలోంచి వింటూ, “పంతులమ్మగారితో ఆ మాటలేమిటి” అని మధ్యలో కలగజేసుకున్నారు. ఆ అమ్మాయి తాతగారిని మ్యూట్ చేసింది!

హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు కూడా మా తరగతిలో చేరుతుంటారు. వాళ్ళు మొదట్లో అడిగితే తప్ప మాట్లాడరు. ఇక్కడి బడిలో కొన్ని నెలలు గడిచేసరికి వాళ్ళూ మిగతావారిలాగే అవుతారు. వేదిక అదే, ఇంటి భాష అదే, తల్లిదండ్రులు కూడా అటువంటివారే.

ఓరుగల్లు_వాది

నేను చెప్పినదీ అదే కదా. బడి వాతావరణం మారితే పిల్లలు మారుతున్నారు.

అంకెలపై_అనుమానం

మీరు మొదట చెప్పినది అది కాదు. పదిహేడేళ్ళ పెంపకం అన్నారు. పదిహేడేళ్ళ పెంపకం కొన్ని నెలల్లో పోయిందంటే, ఆ మౌనం పెంపకం కన్నా ఎక్కువగా ఆ గదిలోని పద్ధతికి సంబంధించినది కావాలి.

సందేహాలరావు

తాతగారిని మ్యూట్ చేసే సదుపాయం మా చిన్నప్పుడు ఉండి ఉంటే నా జీవితం మరోలా ఉండేది.

శ్రుతిపెట్టె

నేను సంగీతం నేర్పుతాను. నా శిష్యుల్లో సగం మంది విదేశాల్లోనే ఉన్నారు, అందువల్ల కొన్నేళ్ళుగా ఈ తెరల మీదే నా పాఠాలు నడుస్తున్నాయి. ఇక్కడ అందరూ మాట్లాడడం గురించి చర్చిస్తున్నారు. వీడియో కాల్ అనేదే ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు మౌనంగా ఉండాలన్న సూత్రం మీద తయారైంది. సంగీత పాఠం అలా నడవదు. సరళీ స్వరాలైనా, కీర్తన అయినా నేనొక సంగతి పాడతాను, శిష్యురాలు తిరిగి పాడుతుంది. తప్పుతున్నప్పుడు ఆపకుండా నేను కూడా గొంతు కలిపి ఆమెను స్వరస్థానం మీదికి తీసుకువస్తాను. ఆన్‌లైన్‌లో ధ్వని చేరడంలో ఉండే ఆలస్యం వల్ల ఇద్దరం కలిసి పాడడం సాధ్యం కాదు, తాళం రెండుగా చీలిపోతుంది. పైగా నేను తంబూరా పెట్టుకుంటే, ఎడతెగకుండా వినిపించే ఆ శ్రుతిని ఫ్యాను చప్పుడు వంటి రొద అనుకుని యాప్ దానిని తొలగించేది. ధ్వనిని యథాతథంగా పంపే ఒక అమరిక జూమ్‌లో ఉందని తరువాత తెలిసింది. మన సంగీతానికి ఆధారమైన ధ్వనిని చెత్త కింద లెక్కగట్టిన ఆ నిర్ణయం ఎవరో కావాలని తీసుకున్నది కాదు. ఆఫీసు సమావేశాల్లో మాట స్పష్టంగా వినిపించాలన్న అవసరమే వాళ్ళ మనసులో ఉంది.

దీని వల్ల బోధన పద్ధతే మారింది. కలిసి పాడడం కుదరక, నేను పాడి రికార్డు చేసి పంపుతున్నాను, వాళ్ళు విని సాధన చేసి వస్తున్నారు. విని నేర్చుకోవడంలో మన పిల్లలకు ఉన్న శ్రద్ధ అంతా ఇంతా కాదు. ఒకసారి జలుబుతో ఉండి ఒక వర్ణం పాడి పంపాను. ఆ అమ్మాయి తరువాతి వారం నా గొంతు జీరతో సహా, మధ్యలో నేను గొంతు సవరించుకున్న చోట తానూ ఆగి, అచ్చం అలాగే పాడి వినిపించింది. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవారికి ఏది పాట, ఏది జలుబు అన్నది ఎవరూ చెప్పనక్కరలేదు.

లెక్చరర్ గారి ప్రశ్నకు సంబంధించి ఒక్క మాట చెబుతాను. మా విద్యలో ముందు అనుకరణ ఉంటుంది. రాగాలాపన, నెరవు, స్వరకల్పన వంటి సొంత కల్పనకు ఎన్నో ఏళ్ళ తరువాత గాని అనుమతి రాదు. అంతమాత్రాన అది ఆలోచన లేని విద్య కాదు. మొదటి వారంలోనే సొంత అభిప్రాయం కావాలనడం కూడా ఒక సంస్కృతి నమ్మకమే తప్ప, విద్యకు అంతటా వర్తించే నియమం కాదు.

ఓరుగల్లు_వాది

సంగీతానికి అది సరిపోవచ్చు. అర్థశాస్త్రంలో పదేళ్ళు పాఠ్యపుస్తకాన్ని అనుకరించి, ఆ తరువాత ఆలోచించడం మొదలుపెడతామంటే డిగ్రీ మూడేళ్ళే ఉందని గుర్తుచేయవలసి వస్తుంది.

నూజివీడు_పూర్వవిద్యార్థిని

రికార్డు చేసిన పాఠాల గురించి నాకూ చెప్పవలసింది ఉంది. గ్రామీణ ప్రాంతాల్లో పదో తరగతి పూర్తిచేసిన వారి కోసం 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైంది. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు దానికి తొలి కులపతి. ఆరేళ్ళ సమీకృత కోర్సు అది, ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చేవారు. తొలి బ్యాచ్‌లలో పాఠాలు ఎక్కువగా వీడియో రూపంలో ఉండేవి, తరగతి గదిలో సహాయానికి మెంటర్లు ఉండేవారు. నేను తొలి బ్యాచ్‌లలో ఒకదానిలో చదివాను, అంతకు ముందు పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం.

మాలో ఎవరమూ లేచి నిలబడి “సార్, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి” అనేవాళ్ళం కాదు. ఒకటి, తెలివితక్కువదనుకుంటారన్న భయం. రెండు, చెప్పినాయనకు సరిగా చెప్పడం రాలేదని అన్నట్టు అవుతుందేమోనన్న మొహమాటం. వీడియో ఈ రెండింటినీ తీసేసింది. వెనక్కి జరిపి పదిసార్లు చెప్పించుకున్నా ఆయన విసుక్కోరు, మనం ఆయనను అవమానించినట్టూ కాదు. మన దగ్గర రికార్డు పాఠాలు ఇంతగా నిలబడడానికి, మన పిల్లలకు సాంకేతికత మీద ఉన్న మోజు కన్నా ఈ మొహమాటమే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే మా బాబాయి కొడుకు కోచింగ్ తరగతికి ప్రత్యక్షంగా హాజరై, అదే పాఠాన్ని మళ్ళీ యూట్యూబ్‌లో చూస్తాడు.

రెండో సంగతి హాస్టల్ గురించి. తలకొక ల్యాప్‌టాప్ ఉన్నా, పరీక్షల ముందు ఒకే తెర చుట్టూ ఐదుగురం కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషులో ఉన్న పాఠాన్ని ముందుగా అర్థం చేసుకున్న అమ్మాయి దానిని తెలుగులో చెప్పేది, తక్కినవాళ్ళం ఆమెను అడ్డమైన ప్రశ్నలూ వేసి చంపేవాళ్ళం. ప్రశ్నలు లేని పిల్లలం కాదు మేము. వాటిని మెంటరుకు వేయలేదు, అంతే.

పద్యప్రియ

ఏకలవ్యుడి తరువాత ఎదురుగా లేని గురువు దగ్గర ఇంత శ్రద్ధగా నేర్చుకున్నది మీ బ్యాచే అయి ఉంటుంది.

సందేహాలరావు

ఇప్పటి ద్రోణులు బొటనవేలు అడగడం లేదు. వార్షిక చందా చాలంటున్నారు, మధ్యలో మానేస్తే డబ్బు వాపసు ఉండదు.

అంకెలపై_అనుమానం

గుంపుగా నేర్చుకోవడం గురించి నూజివీడు గారూ, మానుకోట గారూ చెప్పినవి చదువుతుంటే విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా గారి ప్రయోగాలు గుర్తుకు వచ్చాయి. 1999లో ఢిల్లీ కాల్కాజీలో ఒక మురికివాడ పక్కన గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చితే, పిల్లలు గుమిగూడి ఎవరి సహాయమూ లేకుండా వాడడం నేర్చుకున్నారు. తరువాత ఆయన మన హైదరాబాదులోనూ ఒక ప్రయోగం చేశారు. తెలుగు యాస బలంగా ఉన్న ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు, మాటలను విని అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్ ఇచ్చి, అది మీ మాటలను సరిగా టైపు చేసేదాకా ప్రయత్నించమని చెప్పి వదిలేశారు. కొంతకాలానికి వాళ్ళ ఉచ్చారణ మారింది. ప్రపంచమంతా దీనిని విజయగాథగా చెప్పుకుంది. నాకు మాత్రం యంత్రానికి తెలుగు యాస నేర్పవలసిన అవసరం ఎవరికీ తోచకపోవడమే అందులో ముఖ్యంగా కనిపిస్తుంది. మారవలసినది పిల్లలేనని ఓరుగల్లు_వాది గారి కన్నా ముందు ఆ యంత్రమే తీర్మానించింది.

గుంపును మరీ ఆకాశానికి ఎత్తడం కూడా నాకు ఇష్టం లేదు. పాయల్ అరోరా అనే పరిశోధకురాలు ఉత్తరాఖండ్‌లోని అల్మోరా, హవాల్‌బాగ్‌లలో ఆ గోడ కంప్యూటర్ల కోసం వెతికితే మిగిలింది పెద్దగా ఏమీ లేదని 2010లో రాశారు. నడిచిన చోట్ల కూడా తెర ముందు ఎక్కువగా మగపిల్లలే ఉంటారన్న విమర్శ ఉంది.

మానుకోట_టీచరమ్మ

ఆ విమర్శ నిజమని నేను నమ్ముతాను. మా బడి కంప్యూటర్ గదిలో మౌస్ ఎవరి చేతిలో ఉంటుందో చూస్తే ఊరంతా అందులో కనిపిస్తుంది. మగపిల్లవాడి చేతిలోనో, కాస్త కలిగిన ఇంటి పిల్లవాడి చేతిలోనో ఉంటుంది. తక్కినవాళ్ళు వెనుక నిలబడి చూస్తారు.

లెక్చరర్ గారి తరగతి విషయంలోనూ ఇదే ఆలోచిస్తున్నాను. మొదట రాసిన అబ్బాయి ఎవరు? పెద్ద రైతు కొడుకనుకుందాం. అతని పేరా కింద ఒక కూలి ఇంటి అమ్మాయి “నేను విభేదిస్తున్నాను, ఈ రాయితీ మా వంటి భూమి లేనివారికి చేరడం లేదు” అని సొంత పేరుతో రాయాలి. క్యాంటీన్ దగ్గర అన్న మాట గాలిలో కలిసిపోతుంది, కాదనవచ్చు, నవ్వి తేల్చేయవచ్చు. ఇక్కడ రాసినది తేదీతో, సమయంతో, ఇంటిపేరుతో సహా అలాగే ఉంటుంది. ఎవరైనా ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే, ఆ అమ్మాయి తండ్రి మరునాడు ఎవరి పొలంలో పనికి వెళ్ళాలి? మనం సంస్కృతి అంటున్నదానిలో వినయం ఎంత, కులమెంత, కూలి ఎంత అన్నది విడదీసి చూడాలి. ఆ అమ్మాయి మౌనం ఆలోచన లేక వచ్చినది కాదు. బాగా ఆలోచించుకున్నాకే ఆమె “ఏకీభవిస్తున్నాను” అని రాసి ఉంటుంది.

గోదావరిగట్టు_లెక్చరర్

మీ జవాబు చదివాక ఆ పేజీని మరోసారి తెరిచి చూశాను. మొదట రాసినవాడు మీరు ఊహించినట్టే మా మండలంలో పేరున్న కుటుంబం నుంచి వచ్చినవాడు. తరగతి ప్రతినిధి కూడా అతనే. అతను తరచుగా అందరికన్నా ముందు రాస్తాడు, ఎందుకంటే అతని ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ ఉంది. స్క్రీన్‌షాట్లు తిరుగుతున్న మాట కూడా నిజమేనని విద్యార్థులే చెప్పారు. ఇప్పుడు నాకు కావలసినది ఉపాయం. మార్కుల విభజన విశ్వవిద్యాలయం చేతిలో ఉంది కనుక చర్చను పూర్తిగా తీసేయడం కుదరదు.

సర్వర్_సేవకుడు

నేను బెంగళూరులో కళాశాలలకు ఇటువంటి వేదికలు అమర్చే పని చేస్తాను. మీరు చెప్పినదానిని బట్టి మీది మూడుల్ అనే వేదిక కావచ్చు. దాని వెనుక ఉన్న ఆలోచన తెలిస్తే మీ ఇబ్బంది కొంత అర్థమవుతుంది. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ దానిని రూపొందించి 2002లో తొలి వెర్షన్ విడుదల చేశారు. మనుషులు ఇతరుల కోసం ఏదో ఒకటి తయారుచేస్తూ, దాని గురించి మాట్లాడుకుంటూ జ్ఞానాన్ని నిర్మించుకుంటారన్న విద్యా సిద్ధాంతం మీద తాము దానిని కట్టామని వారే చెప్పుకుంటారు. చర్చా విభాగం అందులో అలంకారం కోసం పెట్టినది కాదు, వారి నమ్మకానికి కేంద్రమే అది. అయితే అమరికలు మార్చుకునే వీలు చాలా ఉంది, మన కళాశాలల్లో వాటిని ఎవరూ ముట్టుకోరు.

చర్చ రకాన్ని “ప్రశ్న – జవాబు” అని మార్చండి. అప్పుడు విద్యార్థి తన జవాబు పెట్టేదాకా ఇతరుల జవాబులు కనిపించవు. పెట్టిన వెంటనే కూడా కనిపించవు, దిద్దుకోవడానికి ఇచ్చే గడువు, మామూలుగా అరగంట, ముగియాలి. మొదటి అబ్బాయిని చూసి రాసే అవకాశం దీనితో పోతుంది. రెండోది, తరగతిని వేరు వేరు గుంపులుగా విడదీసే అమరిక. ఒక గుంపు రాసినది మరొక గుంపుకు కనిపించదు. పేరు లేకుండా రాసే సౌకర్యం మామూలు చర్చలో ఉండదు కానీ, ఫీడ్‌బ్యాక్ అనే విభాగంలో ఉంది. అక్కడ అభిప్రాయాలు సేకరించి, పేర్లు లేకుండా మీరే చర్చలో పెట్టవచ్చు.

ఓరుగల్లు_వాది

మొదటి రెండూ బాగున్నాయి. పేరు దాచుకునే పద్ధతిని మాత్రం నేను ఒప్పుకోను. పేరు దాచుకున్నవారు సామాజిక మాధ్యమాల్లో ఏ భాష వాడుతున్నారో మనం చూస్తూనే ఉన్నాం. రేపు ఉద్యోగ ఇంటర్వ్యూలో గ్రూప్ డిస్కషన్ పెడితే ముసుగు వేసుకుని కూర్చుంటారా?

డాలస్_శనివారం_బడి

పేరు దాచడం గురించి ఆందోళన పడుతున్న ఓరుగల్లు_వాది గారి అసలు పేరు తెలుసుకోవాలని ఉంది.

ఓరుగల్లు_వాది

దెబ్బ తగిలింది. అయినా నా అభిప్రాయం మారలేదు.

పద్యప్రియ

మన సంస్కృతిలో ఎదురు ప్రశ్నకు చోటు లేదని ఈ చర్చలో చాలామంది మాట్లాడకుండానే అంగీకరించినట్టు కనిపిస్తోంది. అష్టావధానం చూసినవారు అలా అనలేరు. అవధాని అంటే సభ అంతా చేతులెత్తి మొక్కే పండితుడు. అతని ఎదురుగా కూర్చునే పృచ్ఛకుల పనే అతన్ని ఇరుకున పెట్టడం. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు, అవధాని తరువాత వేయబోయే అక్షరాన్ని ఊహించి దానినే నిషేధిస్తూ పోతాడు. ఇక అప్రస్తుత ప్రసంగి సంగతి చెప్పనక్కరలేదు. పద్యం మధ్యలో ఉన్న మహాపండితుణ్ణి పట్టుకుని కొంటె ప్రశ్నలు వేయడమే అతని పాత్ర. అతడు అడగకుండా వినయంగా కూర్చుంటే సభకు కోపం వస్తుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన కాలంలో కూడా, వారి ప్రతిభ లోకానికి తెలిసింది ఎదుట కూర్చున్నవారు గట్టిగా అడిగినందువల్లనే.

ఇక్కడ గమనించవలసినది, ఆ ప్రశ్నించే హక్కు మనిషికి కాక ఆసనానికి ఉండడం. ఆ ఆసనంలో కూర్చున్నంతసేపు అతడు పొగరుబోతు కాడు, తన బాధ్యత నిర్వహిస్తున్నవాడు. కార్యక్రమం ముగిశాక అతడే వెళ్ళి అవధానిగారికి నమస్కారం చేస్తాడు. లెక్చరర్ గారు పిల్లలను విభేదించమని అడుగుతున్నారు కానీ, విభేదించే ఆసనం ఎవరికీ వేయలేదు.

నూజివీడు_పూర్వవిద్యార్థిని

ఇది నాకు బాగా నచ్చింది. చీటీలు వేసి పక్షాలు పంచితే సరిపోతుంది. “నువ్వు ఈ వారం ఉచిత విద్యుత్తును వ్యతిరేకించాలి” అని సారే చెప్పినప్పుడు, వ్యతిరేకించడం సారు మాట వినడమే అవుతుంది. ఆ కూలి ఇంటి అమ్మాయి కూడా “నాకు చీటీలో వచ్చింది” అని చెప్పుకోగలదు. తన సొంత మాటను కూడా ఆ చీటీ చాటున చెప్పుకునే వీలుంటుంది.

శ్రుతిపెట్టె

మనోధర్మానికి, అంటే సొంత కల్పనకు, వేచి ఉండనక్కరలేని పద్ధతి ఇది. ఎవరో ఇచ్చిన పల్లవి మీద స్వరాలు వేసినట్టే, పక్షం మరొకరిదైనా వాదం తనదే అవుతుంది. నేను ముందు చెప్పినదానికి ఇది అడ్డు రాదు.

అంకెలపై_అనుమానం

ఒక ఇబ్బంది ఉంది. ఎప్పుడూ చీటీ ప్రకారమే వాదించినవాడు, చీటీ లేని రోజున ఏమి చేస్తాడు? అవధాన సభ ముగిశాక పృచ్ఛకుడు ఇంటికి వెళ్ళి మామూలు మనిషి అయిపోతాడు. పంచాయతీ సమావేశంలో ఎవరూ ఆసనం వేయరు.

పద్యప్రియ

నిజమే. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఎన్నడూ ఆ ఆసనంలో కూర్చోనివాడి కన్నా, కొన్నిసార్లయినా కూర్చున్నవాడు పంచాయతీలో నోరు విప్పే అవకాశం ఎక్కువని నా నమ్మకం.

ఓరుగల్లు_వాది

చీటీల పద్ధతికి నా ఆమోదం ఉంది. అయితే సెమిస్టరు చివరి వారాల్లో చీటీలు మానేసి, సొంత పేరుతో సొంత పక్షం రాయించాలి. లేకపోతే అంకెలపై_అనుమానం గారి ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

సందేహాలరావు

చివరకు వీరిద్దరూ ఏకీభవించారు. ఎవరైనా మార్కులు వేయండి.

గోదావరిగట్టు_లెక్చరర్

వచ్చే వారం నుంచి ఇలా చేయబోతున్నాను. సర్వర్_సేవకుడు గారు చెప్పినట్టు చర్చను ప్రశ్న – జవాబు రకానికి మార్చి, తరగతిని చిన్న గుంపులుగా విడదీస్తాను. ప్రతి గుంపులో ఒకరికి చీటీ ద్వారా అప్రస్తుత ప్రసంగి పదవి ఇస్తాను. ఆ వారం వారికి మార్కులు ప్రశ్నలకే తప్ప అభిప్రాయానికి కాదు. చివర్లో చీటీలు తీసేయాలా వద్దా అన్నది అప్పటి పరిస్థితిని బట్టి చూస్తాను, ముందే ప్రకటిస్తే మళ్ళీ జాగ్రత్త పడిపోతారు. రాయడం కష్టమయ్యేవారికి వాయిస్ రికార్డింగ్ పంపే వెసులుబాటు ఇద్దామని కూడా అనుకుంటున్నాను.

మానుకోట_టీచరమ్మ

వాయిస్ రికార్డింగ్ విషయంలో తొందరపడవద్దని నా మనవి. ఆడపిల్ల గొంతు ఎవరెవరి ఫోన్లలోకి వెళుతుందోనని ఇళ్ళలో భయపడతారు, ఆ భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు. గట్టిగా చెప్పించాలనుకుంటే తరగతిలోనే చెప్పించండి. మరొకటి, మీ చర్చ గడువు ఎప్పుడు ముగుస్తుంది? ఇటువంటి వేదికల్లో సాధారణంగా అర్ధరాత్రి పన్నెండుకు ఒక నిమిషం ముందు పెడతారు. తమ్ముడు ఆట ముగించి ఫోను ఇచ్చేసరికి పది అవుతుంది, ఆ తరువాత ఆడపిల్ల చేతిలో ఫోను కనబడితే ఇంట్లో ఊరుకోరు.

సర్వర్_సేవకుడు

వేదికలో గడువు సమయాన్ని ఏ గంటకైనా మార్చుకోవచ్చు. కోర్సు అమరికల్లోకి వెళ్ళనక్కరలేదు, ఆ చర్చ అమరికల్లోనే ఉంటుంది.

గోదావరిగట్టు_లెక్చరర్

ఇప్పుడే చూశాను, టీచరమ్మ గారు చెప్పిన సమయమే ఉంది. మరునాడు సాయంత్రం నాలుగు గంటలకు మార్చాను. ఫోను దొరకనివారు కళాశాలలోనే రాసుకునేలా మధ్యాహ్నం భోజన విరామంలో కంప్యూటర్ గది తెరిచి ఉంచమని కార్యాలయాన్ని అడిగాను. వారు ఒప్పుకున్నారు కానీ, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు.